చవితి పందిట్లో మన వీధి వాళ్ల పాట వినపడనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది నెల్లూరు మూలాపేట. మొన్న వినాయక చవితి పందిట్లో మూడో రోజు సాయంత్రం మా వీధి వాళ్లే పాడారు, వాళ్లే వాయించారు, అది విన్నప్పటి నుంచి మీకు రాయాలి రాయాలి అనుకుంటా ఉన్నాను. ప్రతి ఏడూ మాకు డీజే బాక్సులే. ఈసారి డీజే అతను వేరే చోట ఒప్పుకున్నాడంట, చివర్లో రాలేనన్నాడు, కమిటీ పిల్లోళ్లకి ఏం చెయ్యాలో తోచక "ఎవరికైనా పాటలు వస్తే రండి" అని మైకులో చెప్పారు. అట్టా మొదలైంది.

ముందు ఇద్దరు ముగ్గురు ఫోన్లో ట్రాక్, అంటే గొంతు లేకుండా వాయిద్యాలు మాత్రమే ఉండే పాట, పెట్టుకుని పాడారు. ఎనిమిదో తరగతి చదివే ఒక పాప వచ్చింది, మంచి గొంతు, కానీ ఆ ట్రాక్ మగ గాయకుడి శృతిలో, అంటే ఆయన గొంతుకి తగ్గ స్థాయిలో ఉంది, పల్లవి కింద అందక గొణిగినట్టు పాడింది, చరణం పై స్థాయిలో ఎత్తుకునేసరికి గొంతు జీర పోయింది, ఈలోపు ట్రాక్ దాని దోవన అది వెళ్లిపోయింది. పాప మైకు పట్టుకుని అట్టే నిలబడిపోయింది. కళ్లల్లో నీళ్లు. నాకు ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు వెనకాల కూర్చున్న ఒక పెద్దాయన లేచారు. వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాలకి హార్మోనియం వాయించిన మనిషి, ఇప్పుడు రామమందిరంలో శనివారం భజనకి మాత్రం వాయిస్తారు. ఇంటికి మనిషిని పంపి పెట్టె తెప్పించారు. "నీకు వీలైన చోట ఎత్తుకో తల్లీ, నేను నీ వెనకాలే వస్తాను" అన్నారు. పాప ఎత్తుకుంది, ఆయన రెండు మెట్లు తడిమి శృతి పట్టేశారు, మా సందులో బట్టలు కుట్టే ఆయన డోలక్ అందుకున్నాడు. మధ్యలో పాప ఒక లైను మర్చిపోయింది, అయినా ఏం కాలేదు, హార్మోనియం అదే లైను ఇంకోసారి తిప్పింది, డోలక్ తాళం వదల్లేదు, పాపకి గుర్తొచ్చి మళ్లీ అందుకుంది. పాడే మనిషి కోసం ఆగే సంగీతం ఇది. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు కదా.

సంగీతం తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్లు మామూలుగా ఒకటి, ఒకటిన్నర, రెండు శృతుల్లో పాడతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర దగ్గర. సినిమా పాట ఆ పాడిన వాళ్ల గొంతుకి తగ్గట్టు కడతారు. దాన్ని తీసుకొచ్చి మన పిల్లల నోట్లో పెట్టి, సరిగ్గా రాకపోతే నీకు పాట రాదు అనేస్తున్నాం, ఇది చాలా అన్యాయం అండీ. ట్రాకే దిక్కు అనుకుంటే కనీసం శృతి మార్చే బటన్ ఫోన్లోనే ఉంటుంది, ముందురోజు ఒకసారి పాడించి చూసుకోవచ్చు.

మైకుసెట్టు సంగతి కూడా చెప్పాలి. మొదట్లో మైకు కుయ్యిమని ఒకటే కూత, ఎకో ఎంత పెట్టారంటే ఒక మాట నాలుగు సార్లు వినపడతా ఉంది. స్పీకర్లు పాడేవాళ్ల వెనకాల పెట్టారు, అందులోంచి వచ్చే సౌండు మళ్లీ మైకులోకే పోతే కూత రాక ఏమొస్తుంది. బాక్సులు మైకుల కంటే ముందుకి జరిపి జనం వైపు తిప్పినాక ఆ గోల పోయింది. డోలక్‌కి, హార్మోనియంకి చెరొక మైకు పెట్టి, పాడేవాళ్లకి పావుగంట ముందు సౌండు చూసుకోనిస్తే చాలు, ఇంకా పెద్ద ఖర్చేం లేదు.

తొమ్మిదిన్నరకంతా అయిపోయింది. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్యం నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్ స్పీకర్లు వాడకూడదు, పండగలప్పుడు ప్రభుత్వం అనుమతిస్తే 12 దాకా, అది కూడా ఏడాదికి 15 రోజులు మించకుండా. ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని పరిమితి. డీజే ఉన్న ఏడు మా మామగారు కిటికీలు మూసుకుని చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటారు, ఈసారి కుర్చీ వేయించుకుని ముందు వరసలో కూర్చున్నారు.

గాయకుడు ఎస్పీ బాలు గారు మన నెల్లూరు మనిషి అని అందరం గొప్పగా చెప్పుకుంటాం. వాళ్ల నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు, అంటే జనం మధ్యలో నిలబడి, పక్క వాయిద్యంతో కలిసి పాడే విద్య ఆ ఇంట్లోనే ఉంది. అట్టాంటి ఊర్లో పిల్లలకి పక్కన ఒక హార్మోనియం పెట్టి పాడించే చోటు లేకుండా పోతే ఎట్టా?

కమిటీల వాళ్లని నేను అడిగేది ఒక్కటే, పది రోజుల్లో కనీసం ఒక్క సాయంత్రం డీజే ఆపి వీధి వాళ్లకి ఇవ్వండి, భజన చేసేవాళ్లని, కోలాటం ఆడే ఆడవాళ్లని జనం వచ్చే టైముకి ఎక్కించండి, ఎండలో నాలుగ్గంటలకి కాదు. మీరు కూడా విగ్రహం ఎన్ని అడుగులు, లడ్డు ఎంతకి పోయింది అని రాస్తారు కదా, పక్కన ఆ పందిట్లో ఎవరు పాడారో, ఎవరు వాయించారో కూడా రెండు లైన్లు వెయ్యండి.

మా పెద్దాయన హార్మోనియం తిత్తిలో గాలి పోతా ఉంది, ఆ రోజంతా ఆయన ఎడమ చేత్తో గబగబా ఊపుతానే ఉన్నారు. చందాలో మిగిలిన డబ్బుల్లోంచి దాన్ని బాగు చేయించమని కమిటీని అడిగాను, చూస్తామన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మూలాపేట, నెల్లూరు