ఇల్లు కొన్నాక ఆ పక్కనే టైమ్‌షేర్ ఎందుకు?

సంపాదకులకు,

ఫ్లోరిడాలో రెండో ఇల్లు కొంటున్న తెలుగు కుటుంబాల గురించి మీ ఎన్నారై పేజీలో వచ్చిన కథనంలో ధరలు, లోన్లు, కమ్యూనిటీలు అన్నీ ఉన్నాయి గానీ ఒక చిక్కు ప్రస్తావన లేదు. డావెన్‌పోర్ట్, కిసిమీ, క్లర్‌మాంట్ వైపు ఇల్లు తీసుకునేవాళ్లలో కొందరికి ఆర్లాండోలో అప్పటికే టైమ్‌షేర్ (రిసార్ట్‌లో ఒక వారం ఉండేందుకు కొన్న హక్కు) ఉంటుంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు డిస్నీ చూడ్డానికి వెళ్లి, పార్కు టికెట్లు చవగ్గా ఇస్తామంటే ప్రజెంటేషన్‌లో కూర్చుని కొన్నది. ఇప్పుడు దానికి పావుగంట దూరంలోనే సొంతిల్లు. ఉంచాలా, వదిలించుకోవాలా?

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది కొన్న ధర దగ్గర. "ఇరవై వేల డాలర్లు పోశాం, ఊరికే ఎలా వదులుతాం" అంటారు. ఆ ఇరవై వేలు ఉంచుకున్నా రావు, వదిలినా రావు. చూడాల్సింది ఏటా వచ్చే మెయింటెనెన్స్ ఫీజు ఒక్కటే. రెండు పడగ్గదుల యూనిట్‌లో ఒక వారానికి ఫీజు 1,400 డాలర్లనుకుందాం. ఏటా 5 శాతం పెరిగితే పదేళ్లలో కట్టే మొత్తం 17,600 దాటుతుంది, పదకొండో ఏడు బిల్లు 2,280 దగ్గరికి చేరుతుంది. పైకప్పులు మార్చాలనో, తుపాను దెబ్బతీసిందనో స్పెషల్ అసెస్‌మెంట్ (ప్రత్యేక వసూలు) పడితే అది అదనం. అదే రిసార్ట్‌లో అదే సైజు యూనిట్‌ను, అదే వారానికి, యజమానులు ఎంతకు అద్దెకిస్తున్నారో ప్రకటనల్లో చూడండి. వాళ్లు అడిగే అద్దె మీ ఫీజుకన్నా తక్కువగా ఉంటే ఆ వారం మీకు ఆస్తి కాదు, బాకీ. ఆర్లాండోలో రిసార్ట్‌లు కోకొల్లలు కాబట్టి సెప్టెంబరు, జనవరి చివరి వారాలకు ఇలాగే జరుగుతుంది. క్రిస్మస్, ఈస్టర్, జులై 4 వారాల సంగతి వేరు.

ఇల్లు వచ్చాక ఆ ఊళ్లో బస కోసం టైమ్‌షేర్ అక్కర్లేదు. వేరే చోటికి మార్చుకోవడానికో, ఇల్లు చాలనప్పుడు చుట్టాలకు ఇవ్వడానికో పనికొస్తేనే దానికి విలువ. ఇవి రెండూ కుదరకపోతే వదిలేయడమే మేలని నా అభిప్రాయం. అయితే ఆ మాట అనుకునే ముందు మీ దగ్గరున్నది ఏ రకమో కాగితాలు తీసి చూడాలి.

డీడ్ (ఆస్తి దస్తావేజు) ఉంటే అది కౌంటీ రికార్డుల్లో మీ పేరున ఉన్న స్థిరాస్తి. గడువు లేకపోతే ఫీజుకూ గడువు ఉండదు. రైట్ టు యూజ్ (వాడుకునే హక్కు మాత్రమే) అయితే ఒప్పందంలో రాసిన ఏడాదితో హక్కూ బాకీ రెండూ ముగుస్తాయి. ఏటా అదే వారం వచ్చే ఫిక్స్‌డా, తేదీలు ఏటా బుక్ చేసుకునే ఫ్లోటింగా, వారం బదులు పాయింట్లా, ఏడాది విడిచి ఏడాది వచ్చేదా అన్నదీ అందులోనే ఉంటుంది. 1991లో మొదలైన డిస్నీ సొంత టైమ్‌షేర్, డిస్నీ వెకేషన్ క్లబ్‌ను మిగతావాటితో కలపకూడదు. దాని పాత రిసార్ట్‌ల ఒప్పందాలు చాలావరకు 2042 జనవరి 31తో ముగుస్తాయి, పాయింట్లకు రీసేల్‌లో నిజంగానే కొనేవాళ్లుంటారు. హోమ్ రిసార్ట్‌లో (మీరు కొన్న చోట) 11 నెలల ముందు, మిగతా చోట్ల 7 నెలల ముందు బుక్ చేసుకోవచ్చు, ఈ ఏటి పాయింట్లను వచ్చే ఏటికి దాచుకోవచ్చు. డిస్నీ హోటల్లో దిగినవాళ్లకు పార్కులోకి అరగంట ముందే ప్రవేశం కూడా ఉంటుంది. డావెన్‌పోర్ట్ నుంచి ఐ-4 హైవే ట్రాఫిక్‌లో పడి వచ్చేవాళ్లకు ఆ అరగంట విలువ బాగా తెలుసు. అందుకే పక్కన ఇల్లున్నా దీన్ని ఉంచుకోవడంలో అర్థముంది. లేదంటే తొందరపడకుండా అమ్ముకోవచ్చు. కింద చెప్పేది ముఖ్యంగా మిగతా రకాల గురించి.

మార్చుకోవడం కోసం ఉంచుకునేవాళ్లు, వారాలను మార్పిడి చేసే సంస్థలైన ఆర్‌సీఐలోనో ఇంటర్వల్ ఇంటర్నేషనల్‌లోనో మీ రిసార్ట్ ఉందో లేదో, అక్కడ మీ వారానికి ట్రేడింగ్ విలువ ఎంతో ముందు తెలుసుకోండి. ఆర్‌సీఐ వీక్స్‌లో చెక్ ఇన్‌కు తొమ్మిది నెలలైనా ముందు మీ వారాన్ని డిపాజిట్ చేస్తే, అంటే మార్పిడికి సంస్థకు అప్పగిస్తే, పూర్తి విలువ దక్కుతుంది. ఆలస్యమైనకొద్దీ తగ్గిపోతుంది. ఇల్లు కొన్న మొదటి రెండేళ్లలో చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే. ఫర్నిచర్, పెయింటింగ్, స్విమ్మింగ్ పూల్ మోటారు గొడవల్లో సెలవులన్నీ ఆ ఇంటికే సరిపోతాయి. టైమ్‌షేర్ వారం మాట గుర్తొచ్చేసరికి డిపాజిట్ గడువు దాటిపోతుంది. ఫీజు మాత్రం జనవరిలోనే కట్టేసి ఉంటారు. కాబట్టి బిల్లు కట్టిన రోజే వారాన్ని డిపాజిట్ చేసేయండి.

మీది లాక్-ఆఫ్ యూనిట్ అయితే, అంటే మధ్య తలుపు వేస్తే ఒక పడగ్గది భాగంగా, స్టూడియోగా విడిపోయేదైతే, రెండు భాగాలనూ విడివిడిగా డిపాజిట్ చేయొచ్చు. ఒక ఫీజుకు రెండు వారాలు చేతికొస్తాయి. లాక్-ఆఫ్ రుసుము ఉంటే దాన్నీ లెక్కలో వేసుకోండి. సొంతిల్లు లేనప్పుడు ఒక భాగంలో మీరే దిగాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ అవసరం లేదు. ఇల్లు కొనడం వల్ల టైమ్‌షేర్ విలువ పెరిగే సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. ఆర్లాండో వారం ఇచ్చి గాట్లిన్‌బర్గ్, విలియమ్స్‌బర్గ్ లాంటి చోట్లకు వెళ్లడం తేలికే. హవాయి బీచ్ అడిగితే మాత్రం ఏళ్లు ఎదురు చూడాలి.

లెక్కలో మెయింటెనెన్స్ ఫీజుకు సభ్యత్వ రుసుము, ఎక్స్ఛేంజ్ రుసుము, మీ బదులు వేరొకరు వెళితే గెస్ట్ సర్టిఫికెట్ రుసుము కలపాలి. అన్నీ కలిపి తడిసి మోపెడైతే ఇంకో దారి ఉంది. ఈ సంస్థలు మిగిలిపోయిన వారాలను సభ్యులకు నగదుకే అద్దెకిస్తాయి. ఇంటర్వల్‌లో వాటిని గెట్‌అవేస్ అంటారు. ఆఫ్ సీజన్‌లో వాటి ధర మీ మెయింటెనెన్స్ ఫీజుకన్నా తక్కువే ఉంటుంది. ఆ సౌకర్యం కోసం పెద్ద యూనిట్ అక్కర్లేదు, ఏడాది విడిచి ఏడాది వచ్చే చిన్నది చాలు. పెద్దది వదిలేసి చిన్నది ఉంచుకోవడం కొందరికి సరిపోతుంది.

చుట్టాల కోసం ఉంచుకుంటామనేవాళ్లు తేదీలు చూసుకోవాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి నెలల తరబడి ఉంటారు, వాళ్లకు మీ ఇల్లే సౌకర్యం. ఇల్లు చాలనిది పెళ్లికో, గృహప్రవేశానికో, క్రిస్మస్ సెలవులకో. ఫ్లోటింగ్ వారం ఆ తేదీల్లో దొరకదు, దొరకాలంటే బుకింగ్ తెరిచిన రోజే పట్టుకోవాలి. వారం బుక్ చేయకున్నా రిసార్ట్ పూల్, జిమ్ వాడుకోనిస్తారన్న మాట అమ్మేటప్పుడు నోటితో చెప్పి ఉంటారు. నియమాల పుస్తకంలో డే యూజ్ అన్న చోట ఏం రాసి ఉందో చూడండి. చాలా చోట్ల బుకింగ్ ఉన్న రోజులకే పరిమితం.

ఇక ఇంటి లోన్. టైమ్‌షేర్‌కు ఇంకా వాయిదాలు కడుతుంటే అవి క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తాయి, మెయింటెనెన్స్ ఫీజునూ లెండర్ మీ నెలవారీ బాధ్యతల్లో కలుపుతాడు. డెవలపర్లు ఇచ్చే అప్పుకు తరచుగా రెండంకెల వడ్డీ ఉంటుంది కాబట్టి, డౌన్ పేమెంట్‌కు ఇబ్బంది లేకపోతే దాన్ని ముందే తీర్చేయడం మంచిది. ఎలాగూ వదిలేస్తాం కదా అని కట్టడం మానేయొద్దు. క్లోజింగ్‌కు (ఇంటి కొనుగోలు పూర్తయ్యే రోజుకు) ముందు లెండర్ క్రెడిట్‌ను మళ్లీ చూస్తాడు, ఆ ఒక్క ఎగవేత రేటును పెంచొచ్చు, లోన్‌నే ఆపొచ్చు. అప్పుండగా రిసార్ట్ టైమ్‌షేర్‌ను వెనక్కి తీసుకోదు కూడా.

పన్నుల్లో ఒక మెలిక ఉంది. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ నిబంధన ప్రకారం ఉంటున్న ఇల్లు కాక ఇంకొక్క ఇంటి మీదే మార్ట్‌గేజ్ వడ్డీ మినహాయింపు అడగొచ్చు. డీడ్ ఉండి, ఆ టైమ్‌షేర్‌నే హామీగా పెట్టి రాసిన అప్పైతే ఇన్నాళ్లూ దాన్నే రెండో ఇల్లుగా చూపించి ఉంటారు. ఇప్పుడు రెండో ఇంటి లోన్ వచ్చింది కాబట్టి రెంటిలో ఒకటే ఎంచుకోవాలి, వడ్డీ పెద్దది ఇంటిదే. 2017 డిసెంబరు 15 తర్వాత తీసుకున్న అప్పులకు రెండిళ్లవీ కలిపి 7,50,000 డాలర్ల అసలు వరకే ఇది వర్తిస్తుంది. 2025కు దంపతుల స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపకుండానే దక్కే మినహాయింపు) 31,500 డాలర్లు. మీరు విడివిడిగా చూపే ఖర్చుల (ఐటమైజ్డ్) మొత్తం అది దాటకపోతే ఈ మినహాయింపు మాటే ఉండదు. మెయింటెనెన్స్ ఫీజుకు ఏ మినహాయింపూ లేదు. బిల్లులో ఆస్తి పన్నును విడిగా చూపిస్తే ఆ భాగానికి మాత్రం ఉంది. సొంత వాడకానికి కొన్న టైమ్‌షేర్‌ను ఇరవై వేలకు కొని రెండు వందలకు అమ్మినా ఆ నష్టాన్ని రిటర్నులో చూపలేరు.

వదిలించుకోవాలనుకుంటే మొదట రిసార్ట్ ఓనర్ సర్వీసెస్‌కు ఫోన్ చేసి డీడ్-బ్యాక్ (రిసార్టే వెనక్కి తీసుకోవడం) ఉందా అని అడగండి. అప్పు తీరి, ఫీజు బాకీ లేకపోతే తీసుకునే సంస్థలున్నాయి, కొన్ని దానికీ రుసుము అడుగుతాయి. కుదరకపోతే రీసేల్. అడ్డికి పావుశేరు ధరకు ఇవ్వడానికి సిద్ధపడండి, ఈ ఏటి వారాన్ని కూడా కొనేవాళ్లకే వదిలితే త్వరగా పోతుంది. ఫ్లోరిడాలో పాత యజమాని ఫీజు బాకీకి కొన్నవాళ్లూ బాధ్యులే కాబట్టి, వాళ్లు ఎస్టాపెల్ లెటర్ (బాకీ ఎంతుందో తెలిపే రిసార్ట్ పత్రం) అడుగుతారు. ముందే తెప్పించి పెట్టుకోండి. రిసార్ట్‌కు మొదట కొనే హక్కు ఉంటే వద్దన్నట్టు లిఖితపూర్వకంగా తీసుకోవాలి. డీడ్ రికార్డింగ్‌కు కౌంటీలో మొదటి పేజీకి 10 డాలర్లు, తర్వాత ప్రతి పేజీకి 8.50, ఆపైన ధరలో ప్రతి వందకు 70 సెంట్ల స్టాంపు పన్ను. రికార్డు అవడంతో పని అయిపోదు. నకలునూ బదిలీ రుసుమునూ రిసార్ట్‌కు పంపి, వాళ్ల పుస్తకాల్లో పేరు మారినట్టు ఉత్తరం వచ్చేదాకా వెంటపడాలి. అది లేకపోతే వచ్చే జనవరి బిల్లు మీకే వస్తుంది.

కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు, ముందు టైటిల్ ఫీజు కట్టండి, పన్ను కట్టండి అని ఫోన్ చేసేవాళ్లను నమ్మొద్దు. మెక్సికో టైమ్‌షేర్ యజమానులను ఇలా దోచిన కంపెనీలకు డ్రగ్ కార్టెల్‌తో సంబంధం ఉందని 2023లో అమెరికా ట్రెజరీ ఆంక్షలే విధించింది. వేల డాలర్లు ముందే తీసుకుని "విడిపిస్తాం" అనే ఎగ్జిట్ కంపెనీలూ ఆ వరసలోవే.

ఇల్లు కొన్నారని తెలిస్తే రిసార్ట్ వాళ్లు "ఓనర్ అప్‌డేట్" అని పిలిచి, వారాన్ని పాయింట్లకు మారిస్తే మీ సమస్య తీరుతుందంటారు. అది కొత్త కొనుగోలే, మళ్లీ కొత్త అప్పే. సంతకం పెట్టేశారా, ఫ్లోరిడాలో డెవలపర్ దగ్గర కొన్నదాన్ని 10 క్యాలెండర్ రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు. సంతకం తేదీ, చివరి పత్రం అందిన తేదీ, ఈ రెంటిలో ఏది తర్వాతదైతే అక్కడి నుంచి లెక్క. ఒప్పందంలో ఇచ్చిన చిరునామాకు సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపి రసీదు దాచుకోండి. ఫోన్లో చెబితే చెల్లదు.

ఇండియాకు తిరిగి వెళ్లేవాళ్లు ఇల్లూ టైమ్‌షేరూ రెండూ ఉంచుకోవచ్చు, ఇండియా విదేశీ మారక చట్టం ఫెమా 6(4) సెక్షన్ అనుమతిస్తుంది. ఇండియా పన్ను లెక్కలో పూర్తి నివాసి (రెసిడెంట్ అండ్ ఆర్డినరిలీ రెసిడెంట్) అయ్యాక మాత్రం ఇంటితోపాటు డీడ్ ఉన్న టైమ్‌షేర్‌నూ ఇన్‌కంటాక్స్ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించాలి. చిన్నదే కదా అని దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. అమెరికా పౌరసత్వం లేకుండా ఇండియాలో స్థిరపడినవాళ్లు చనిపోతే అమెరికాలోని ఆస్తికి ఎస్టేట్ టాక్స్ మినహాయింపు 60,000 డాలర్లే. ఇల్లే దాన్ని ఎప్పుడో దాటేసి ఉంటుంది.

పిల్లల పేర్లు డీడ్‌లో చేర్చమని సేల్స్ వాళ్లు సలహా ఇస్తారు. చేర్చొద్దు. పేరు లేకపోతే మీ తర్వాత ఆ వారం వద్దని వాళ్లు తొమ్మిది నెలల్లోపు రాతపూర్వకంగా తిరస్కరించొచ్చు. ఈలోగా ఒక్కసారి కూడా దాన్ని వాడుకుని ఉండకూడదు. పేరు ఎక్కించేస్తే మాత్రం ఫీజు అప్పుడే వాళ్ల మెడకూ చుట్టుకుంటుంది.

— ఒక పాఠకుడు, కిసిమీ, ఫ్లోరిడా