కాకరకాయ, విశాఖపట్నం, ఐదు చీటీలు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం మధ్యాహ్నం గంట కొట్టినా ఏడో తరగతి పిల్లలు అన్నానికి కదల్లేదు. ఏమిటా అని వెళ్లి చూస్తే, లెక్కల మేడమ్ ‘విశాఖపట్నం’లోని అక్షరాలను (వి, శా, ఖ, ప, ట్నం) ఐదు చీటీల మీద రాసి స్టీలు డబ్బాలో వేశారు. కళ్లు మూసుకుని ఒక్కొక్కటే తీసి, వచ్చిన వరసలోనే బల్ల మీద పేర్చాలి. ఊరి పేరు వస్తే గెలిచినట్టు. “ఓ ఇరవైసార్లు తీస్తే రాదా?” అన్నాను నేను ధీమాగా. రాలేదు.

లెక్క వేశాక నా పరువు పోయింది. మొదటి చోటికి ఐదింటిలో ఏదైనా రావచ్చు, రెండో చోటికి మిగిలిన నాలుగింటిలో ఒకటి, ఆపైన మూడు, రెండు, ఒకటి. 5×4×3×2×1 = 120 వరసలు. అందులో ఊరి పేరయ్యేది ఒక్కటే. సంభావ్యత 1/120.

అసలు సరదా ఆ తర్వాతే. ఆ రోజు క్యారేజీలో కాకరకాయ వేపుడు తెచ్చుకున్న అమ్మాయి, ‘కాకరకాయ’ రాస్తే తొందరగా వస్తుందంది. అదీ ఐదక్షరాలే కదా, తేడా ఏముంటుందని మిగతావాళ్ల వాదన. ఆ పిల్ల ఒక ‘కా’ను ఎర్ర పెన్నుతో, ఇంకోదాన్ని నీలం పెన్నుతో రాసి చూపించింది. రెండు ‘కా’లూ చోట్లు మార్చుకున్నా మాట మారదు. అంటే 120లో మనకు పనికొచ్చేవి రెండు. సంభావ్యత 1/60. ప్రస్తారాలు, అంటే ఇలా వరసలు లెక్కపెట్టడం, ఇంటర్‌లో వచ్చే పాఠం. ఈ పిల్లకి వేపుడే నేర్పేసింది.

ఇంట్లో ఆడితే చీటీలు ఒకేలా మడవండి. మా డబ్బాలో ‘ట్నం’ చీటీ మందంగా ఉండి చేతికి తెలిసిపోయేది. అలాంటప్పుడు అన్ని వరసలకూ సమాన అవకాశం ఉండదు, పై లెక్క చెల్లదు. ఇంకోటి, 1/120 అంటే 120వ సారికి వచ్చి తీరుతుందని కాదు. ప్రతిసారీ చీటీలన్నీ తిరిగి వేసి, కలిపి, 120 సార్లు ఆడినా ఒక్కసారీ రాకపోయే అవకాశం నూటికి దాదాపు 37.

ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ట్రిప్‌కి అనుమతి పత్రాలు శుక్రవారంలోగా పంపండి. బస్సులో కిటికీ సీట్లు ఈసారి చీటీలతోనే. మా వాడికి రాలేదని ఆఫీసుకి ఫోన్ చేసేముందు, కిటికీ సీట్లెన్నో పిల్లలెందరో మీ వాణ్నే అడిగి లెక్క వేయించండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు