స్క్రూ తిప్పితే దూరం రాదు

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో వీకెండ్ ఆటల మీద వచ్చిన వ్యాసం చదివాను. గాలి గన్నులతో రంగు గోలీలు కొట్టుకునే మా పెయింట్‌బాల్ ఆట గురించి రాసినందుకు సంతోషం. కానీ 'వంద మీటర్ల దూరంలో ఉన్నవాణ్ని కూడా గురిపెట్టి ఔట్ చేయొచ్చు' అన్న ఆ ఒక్క వాక్యం మా ప్రాణం మీదికి తెచ్చింది. నేను చేవెళ్ల వైపు ఒక పెయింట్‌బాల్ గ్రౌండ్‌లో ఆరేళ్లుగా మార్షల్‌ని. క్రికెట్‌లో అంపైర్ ఉద్యోగం లాంటిదే, కాకపోతే మేం దెబ్బలు కూడా తింటాం. మీ వ్యాసం వచ్చిన మరుసటి శనివారం ఒక ఆఫీసు వాళ్లు ఇరవై మంది వచ్చారు. మాస్కులు ఇంకా చేతికివ్వనే లేదు, ఒక కుర్రాడు ఫోన్‌లో మీ పేజీ ఫొటో చూపించి, "అన్నా, నా గన్‌కు జర స్పీడ్ పెంచరాదే, వంద మీటర్లు కొట్టాలె" అన్నాడు.

గన్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అలెన్ కీతో తిప్పితే గోలీ వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. మేం ప్రతి గన్‌నూ ఉదయాన్నే క్రోనో (గోలీ వేగం కొలిచే మీటరు) ముందు పెట్టి, సెకనుకు 280 అడుగులు దాటకుండా చూసుకుంటాం. చాలాచోట్ల గరిష్ఠ పరిమితి 300. నేను డిగ్రీలో ఎంపీసీ చదివాను కాబట్టి ఒకరోజు వాన పడి గేములు ఆగినప్పుడు కూర్చుని లెక్క వేశాను. 280ని దొంగతనంగా 330 చేశామనుకోండి. అంతే ఊపుతో తగలడానికి అదనంగా వచ్చే దూరం ఏడు మీటర్లు. దెబ్బ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, దగ్గర్లో ఉన్నవాడికి తగిలేది మాత్రం దాదాపు నలభై శాతం ఎక్కువ. ఏడు మీటర్ల కోసం పక్కవాడి మెడ మీద నిమ్మకాయంత బొబ్బ తెప్పించాలా? నేను ఇంతకుముందు పనిచేసిన చోట క్రోనోనే ఉండేది కాదు. స్క్రూ ఎవరు పడితే వాళ్లు తిప్పేవాళ్లు. అందుకే మానేశాను.

అసలు గోలీ సంగతి చూడండి. మందుల క్యాప్సూల్‌లాగే పైన జెలటిన్ తొక్క, లోపల రంగు. అడ్డంగా 17 మిల్లీమీటర్లు, బరువు మూడు గ్రాములు. మా బ్యారెల్ లోపల నున్నగా ఉంటుంది, రైఫిల్‌లో ఉండే మెలికలు తిరిగిన గాడులు ఉండవు. తేలికైన గుండ్రని గోలీని గాలి ఎంత త్వరగా ఆపేస్తుందంటే, 30 మీటర్లు పోయేసరికి వేగం సగమైపోతుంది. అక్కడికి చేరడానికి సుమారు అర సెకను. ఆలోపు ఇంచుమించు మీటరు కిందికి జారుతుంది. ఛాతీకి గురిపెట్టినవాడు మోకాళ్ల దగ్గర కొడతాడు. బ్యారెల్‌ను ఆకాశానికెత్తి కొడితే ఇంకా దూరం పోతుంది, నిజమే. కానీ చివరికొచ్చేసరికి దానికి పగిలే ఊపు ఉండదు. వీపుకు తగిలి బంతిలా ఎగిరి పడుతుంది. మా రూలు ప్రకారం పగిలి రంగు అంటితేనే ఔట్.

మరి కొత్తవాళ్లు దూరం కొట్టలేరా? కొట్టగలరు, 30, 35 మీటర్ల వరకు. దానికి నేను చెప్పేది మా తాత జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పిన పద్ధతే. ఆయన రాయిని పిట్ట మీదికి వేసేవాడు కాదు, పిట్ట పైకి వేసేవాడు. ఎంత పైకి అన్నది మొదటి రాయి చెప్పేది. ఇక్కడా అంతే. గన్‌కు తగిలించిన గాలి ట్యాంక్ అడుగును భుజానికి ఆనించి, బ్యారెల్ పైనుంచి చూస్తూ ఒకే ఒక్క గోలీ వేయండి. అది ఎక్కడ దిగిందో చివరిదాకా కళ్లతో వెంబడించండి. ముందే పడితే కొంచెం పైకి, పక్కకు పోతే గాలి వైపుకు. రెండోది, మూడోది వేసేసరికి చేతికి లెక్క తెలిసిపోతుంది. కొత్తవాళ్లు చేసేది దీనికి సరిగ్గా రివర్సు. టెన్షన్‌లో ట్రిగ్గర్ గుంజేసి పది గోలీలు కుమ్మరిస్తారు. ఏది ఎటు పోయిందో వాళ్లకే తెలియదు, గన్ మీదుండే గోలీల డబ్బా, హాపర్, మాత్రం ఖాళీ.

పరుగెత్తేవాడి మీద అసలు కొట్టరాదు, వాడి ముందు కొట్టాలి. ఆ అర సెకనులో వాడు రెండు మూడు మీటర్లు దాటిపోతాడు. డీప్ మిడ్‌వికెట్ నుంచి కీపర్‌కు త్రో వేసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇక నేను పిల్లలకు చెప్పి చెప్పి అలిసిపోయిన విషయం శుభ్రం. బ్యారెల్‌లో ఒక్క గోలీ పగిలినా లోపలంతా నూనెలా పూసుకుపోతుంది. ఆ తర్వాత వేసిన ప్రతిదీ ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంకర పోతుంది. వాళ్లేమో, "గన్ మంచిది ఇయ్యలే" అని నా మీద అరుస్తారు. బ్యారెల్ తుడిచే పుల్ల, స్క్వీజీ, ఒక్కసారి లోపల్నుంచి లాగితే పోయేదానికి! అంతకంటే ముందు గోలీనే చూడాలి. మొన్న శ్రావణంలో ఒక సంచి రాత్రంతా మూతి విప్పి ఉండిపోయింది. పొద్దున చూస్తే తేమకు ఉబ్బి, నానబెట్టిన శనగల్లా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఒకటి తీసి రెండు వేళ్ల మధ్య దొర్లించాను. ఒక పక్క గుంట, ఒక పక్క ఉబ్బు. అది ఎంత గురిపెట్టినా తిన్నగా పోదు. సంచి మొత్తం పారబోయించాను, మా ఓనర్ రెండు రోజులు మాట్లాడలేదు.

గోలీకి వెనక్కి తిరిగే స్పిన్ ఇచ్చే వంపు బ్యారెళ్లు కూడా ఉన్నాయి. గోలీ తిన్నగా, కాస్త ఎక్కువ దూరం పోతుంది. కాని చివర్లో నీరసంగా తగులుతుంది కాబట్టి చాలాసార్లు పగలదు. కొత్తవాళ్లు వాటికి డబ్బులు పెట్టడం దండగ.

మీ వ్యాసంలో ఈ ఆట ఎలా పుట్టిందో కూడా రాస్తే బాగుండేది. ఈ గన్నులు మొదట అమెరికాలో చెట్లకు, పశువులకు దూరం నుంచి రంగు గుర్తు వేయడానికి చేసినవి. వాటితో తొలి ఆట 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ అడవిలో పన్నెండు మంది ఆడారు. గెలిచింది రిచీ వైట్ అనే అడవుల్లో పనిచేసే ఫారెస్టర్. ఆయన ఒక్క గోలీ కూడా పేల్చలేదు, చెట్ల చాటున నడుచుకుంటూ పోయి జెండాలన్నీ పట్టుకొచ్చాడు. దూరం కొట్టాలని పట్టుబట్టేవాళ్లకు ఈ కథ చెబితే నవ్వుతారు, మళ్లీ స్క్రూ గురించే అడుగుతారు.

ఒక్క మాట పెద్ద అక్షరాల్లో వేయమని మనవి. దూరంగా ఏం కనబడటం లేదని గ్రౌండ్‌లో మాస్క్ పైకి లేపకండి. చెమటకు అద్దం మసకబారుతుంది, నిజమే. చెయ్యి ఎత్తి మమ్మల్ని పిలవండి, బయటికి తీసుకెళ్లి తుడిచి పెడతాం. ఈ మూడు గ్రాముల గోలీ కంటికి తగిలితే చూపు పోతుంది.

ఆ వంద మీటర్లు అన్న మాటను వచ్చే వారం ముప్పై అని సరిదిద్దితే టికెట్ కౌంటర్ దగ్గర మాకు గొడవ తగ్గుతుంది. నా పేరు వేయకండి, మా ఓనర్‌కు మీ పేపర్ రోజూ వస్తుంది.

— ఒక పెయింట్‌బాల్ మార్షల్, రంగారెడ్డి జిల్లా