నవంబరు రాకముందే మొదలుపెట్టు

హైదరాబాద్

ఒరేయ్ ప్రసాదూ,

సైనిక్‌పురిలో నీ చుట్టుపక్కల అంతమంది మాజీ సైనికులున్నారు, నాలాంటి సివిలియన్ వాళ్లకేం చేయగలడు అని అడిగావు. చాలా చేయొచ్చురా. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి విరాళం ఇవ్వు, మంచిదే. అయితే పెద్దవాళ్లకి మనిషి సాయం నిజంగా కావాల్సింది నవంబరులో, లైఫ్ సర్టిఫికెట్ నెలలో. బతికే ఉన్నామని పింఛనుదార్లు ఏటా ఇచ్చే కాగితం అది. అది అందకపోతే పింఛను ఆగుతుంది. ఎనభై దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు కాబట్టి ముందు వాళ్ల ఇళ్లకి వెళ్లు.

ఆ వయసులో వేలిముద్రలు అరిగిపోయి మెషీన్‌కి అందవు. అందుకని ముఖం చూసి గుర్తుపట్టే ఆధార్ ఫేస్ ఆర్‌డీ, లైఫ్ సర్టిఫికెట్ పంపే జీవన్ ప్రమాణ్, ఈ యాప్‌లు రెండూ నీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేసుకో. ముందు ఆపరేటర్‌గా నీ ముఖం చూపించి నమోదైతే, అదే ఫోన్‌లో ఎంతమందికైనా చేయొచ్చు. వెలుతురు ముఖం మీద పడాలి, వెనకనుంచి రాకూడదు. కళ్లజోడు తీయించి, కళ్లు ఆర్పమని చెప్పు.

ఎక్కువగా చెడేది ఫారంలో. రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ స్పర్శ్‌కి మారినవాళ్లకి పింఛను చెల్లించే సంస్థ దగ్గర 'స్పర్శ్ – పీసీడీఏ (పెన్షన్స్) అలహాబాద్' ఎంచుకోవాలి. అలవాటు కొద్దీ పాత బ్యాంకు పేరు నొక్కితే ప్రమాణ్ ఐడీ మెసేజ్ వస్తుంది, అయిపోయిందనుకుంటారు, సర్టిఫికెట్ మాత్రం చేరాల్సిన చోటికి చేరదు. పీపీవో (పింఛను మంజూరు ఉత్తర్వు) నంబరు కూడా స్పర్శ్ ఇచ్చిన 12 అంకెలదే వేయాలి. ఫ్యామిలీ పింఛను తీసుకునే అమ్మగార్లకి 'పునర్వివాహం' అన్న ప్రశ్న ఉంటుంది. తొందరలో 'అవును' నొక్కితే పింఛనుకే ముప్పు, గట్టిగా చదివి వినిపించాకే నొక్కు. కొన్ని రోజులాగి వాళ్లచేతే స్పర్శ్‌లో లాగిన్ చేయించి, తర్వాతి గుర్తింపు తేదీ, అంటే మళ్లీ లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన తేదీ, వచ్చే ఏడాదికి జరిగిందో లేదో చూడు. ఓటీపీ, పాస్‌వర్డ్ నీ దగ్గర రాసుకోవద్దు. ఆధార్ ఫోటోలు పని కాగానే చెరిపెయ్.

ఇంకో పని ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. పింఛను తీసుకునే ఆయన బతికుండగానే భార్య పేరు, పుట్టిన తేదీ రికార్డుల్లో సరిచూడు. మన ఇంటిపేర్లతోనే సగం చిక్కు: సర్వీసు కాగితాల్లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, అక్కడ లక్ష్మి, ఇక్కడ లక్ష్మమ్మ. ఆయన పోయాక ఇవన్నీ ఆవిడ ఒక్కతే తిరిగి తేల్చుకోవాలి. ఆవిడ పుట్టిన తేదీ రికార్డులో లేకపోతే ఫ్యామిలీ పింఛను మీద 80 ఏళ్లకి 20 శాతం, 85కి 30 శాతం అదనంగా రావాల్సింది కూడా ఆగిపోతుంది. దిద్దుబాటు ఆయన రెజిమెంట్ రికార్డ్ ఆఫీసు ద్వారా జరుగుతుంది. ఏఓసీ (సైన్యానికి ఆయుధాలు, సామగ్రి అందించే విభాగం), ఈఎంఈ (వాటి మరమ్మతులు చూసే విభాగం) వాళ్లవి మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ (ఫిరంగి దళం) వాళ్లయితే నాసిక్‌కి రాయాలి. డిశ్చార్జి బుక్కు, పీపీవో, ఇద్దరి ఆధార్, పాన్, జాయింట్ ఖాతా పాస్‌బుక్, జంట ఫోటో ఒకే కవర్లో పెట్టించి, అదెక్కడుందో ఆవిడకి చూపించమను.

ఆస్పత్రి సంగతి క్లుప్తంగా: మామూలుగా ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్ రిఫరల్ తీసుకుని, ఆ పథకం జాబితాలో ఉన్న ఎంప్యానెల్డ్ ఆస్పత్రికి వెళ్లాలి. ఎమర్జెన్సీకి రిఫరల్ అక్కర్లేదు, కార్డు జేబులో ఉంటే చాలు.

యుద్ధం కబుర్లు నువ్వుగా అడగకు. వాళ్లంతట వాళ్లు చెబితే కూర్చుని విను, ఎంతసేపైనా సరే.

ముందు మీ వీధిలో ఎనభై దాటినవాళ్ల జాబితా రాసి పంపు. ఎవరికి ఏ రికార్డ్ ఆఫీసో ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ
రఘు