పిల్లల్ని మ్యూజియంలో పరుగెత్తించకండి

సంపాదకుడు గారికి,

మా మనవరాలు ఏడో తరగతి. పోయిన వారం స్కూలు వాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లారు. ఏం చూశావే అని అడిగితే, "గడియారం, అమ్మమ్మా. బొమ్మ బయటికొచ్చి గంట కొట్టగానే బస్సెక్కించేశారు" అంది. అదే రోజు చార్మినార్, జూపార్కు, గోల్కొండ కూడా చుట్టేశారట. మ్యూజియానికి దక్కింది ముప్పావు గంట.

నాకు మనసొప్పలేదు. ఆదివారం నేనే మళ్లీ వెంటబెట్టుకుని వెళ్లాను. మేలిముసుగు రెబెకా శిల్పం దగ్గర ఆ పిల్ల కదలనంది. పల్చటి ముసుగు, దాని చాటున కళ్లు, ముక్కు, పెదవులు, అంతా పాలరాయే. "ముసుగు తీస్తే లోపల ముఖం ఉంటుందా?" అని అడిగింది. ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ బొమ్మను నిజాం దివాన్ (ప్రధానమంత్రి) మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. ఆ తర్వాత గోథే నాటకం 'ఫౌస్ట్'లోని పాత్రల జంట బొమ్మ: ముందు ఠీవిగా నిలబడ్డ దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో తల వంచుకున్న అమాయకురాలు మార్గరెట్టా. రెండూ ఒకే దుంగలోంచి వచ్చాయంటే నమ్మక, అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగి చూసింది.

ఈ సంపదలో ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ కూడబెట్టినదే. నిజాం దగ్గర దివాన్ పదవి వదిలాక, 1949లో కన్నుమూసే దాకా ఆయనకు అదే లోకం. పెళ్లి చేసుకోలేదు. 1951లో నెహ్రూ ఆయన దేవిడీ (భవంతి)లోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతి ఆస్తి అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. ఒక్క మనిషి జీవితమంతా పోగుచేసినదాన్ని ముప్పావు గంటలో చూపించి పంపిస్తే ఎలా?

టీచర్లను తప్పుపట్టడం లేదు. అరవై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు; ఎవరు తప్పిపోతారోనని వాళ్ల టెన్షన్ వాళ్లది. యాజమాన్యాలనే అడుగుతున్నాను: ఒక ట్రిప్పుకి ఒక్క చోటే పెట్టుకోండి. రెండు గ్యాలరీలు చూపించినా చాలు, నిలబడి చూడనివ్వండి. ముందురోజు క్లాసులో ఆ బొమ్మల కథ చెప్పి తీసుకెళ్లండి. విద్యాశాఖ కూడా ఈ మేరకు స్కూళ్లకు ఒక సర్క్యులర్ పంపితే బాగుంటుంది.

మాకు దంతపు వస్తువుల గది ఇంకా మిగిలే ఉంది. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం.

– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్