కెమెరా ఎవరి చేతిలో ఉంది?

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

ఈ అర్ధసంవత్సరం ఎనిమిది, తొమ్మిది తరగతుల చిత్రకళ పీరియడ్లలో ఫొటోగ్రఫీని, చిన్న డాక్యుమెంటరీలు తీయడాన్ని నేర్పబోతున్నామని తెలియజేసినప్పటి నుంచి మీలో చాలామంది నన్ను రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. దీనివల్ల చదువుకు ఒరిగేదేమిటన్నది మొదటిది. రేపు పిల్లవాడు ఇదే నా దారి అని కూర్చుంటే బతుకు గడుస్తుందా అన్నది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. నా అభిప్రాయం చెప్పి ఊరుకోవడం కంటే, ఫొటోలు తీయడం, డాక్యుమెంటరీ తీయడం, బడుల్లో పాఠం చెప్పడం అనే మూడింటినీ ఒకే పనిగా కలుపుకుని దాదాపు యాభై ఏళ్లు పని చేసిన ఒక కళాకారిణి గురించి రాయడం మేలనిపించింది.

ఆమె పేరు వెండీ ఈవాల్డ్. 1951లో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టారు. 1969లో, ఇంకా కాలేజీ వయసులో ఉండగానే, కెనడాలోని లాబ్రడార్ ప్రాంతానికి వెళ్లి అక్కడి ఇన్నూ ఆదివాసుల పిల్లల చేతికి కెమెరాలు ఇచ్చారు. తానూ అక్కడే ఫొటోలు తీశారు. తన ఫొటోలను, పిల్లలవాటిని పోల్చి చూసుకుంటే, పిల్లలు తీసినవే ఆ చోటి జీవితానికి దగ్గరగా, తనవాటికన్నా చిక్కగా, కొన్నిసార్లు చూసేవారిని కలవరపెట్టేలా ఉన్నాయని ఆమెకు తోచింది. ఈ విద్యలో పైకి రావాలనుకునే వ్యక్తికి ఇది అంత తేలిగ్గా మింగుడుపడే సంగతి కాదు. ఈవాల్డ్ మాత్రం దాన్నే తన వృత్తికి పునాది చేసుకున్నారు.

1970ల మధ్యలో ఆమె కెంటకీ రాష్ట్రంలోని లెచర్ కౌంటీకి చేరారు. అపలాచియన్ కొండల నడుమ, బొగ్గు గనుల మీద ఆధారపడి బతికే ప్రాంతమది. అక్కడివారికి కెమెరా కొత్త కాదు సరికదా, దానితో అప్పటికే విసిగిపోయి ఉన్నారు. 1964లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించిన తరువాత పత్రికలవాళ్లు, టీవీవాళ్లు ఆ కొండల్లోకి వచ్చి, ఒరిగిపోయిన ఇళ్లను, చెప్పుల్లేని పిల్లలను చిత్రీకరించుకుని వెళ్లిపోయేవారు. వాళ్లు తీసినది అబద్ధం కాదు. అయితే తమ గురించి లోకం చూసేది అదొక్కటే కావడం అక్కడి చాలామందికి అవమానంగా ఉండేది. 1967లో ఆ కౌంటీలోనే జెరెమయా అనే చోట, ఒక అద్దె ఇంటి ముందు గని కార్మికుణ్ణి చిత్రీకరిస్తున్న కెనడా దర్శకుడు హ్యూ ఓకానర్‌ను ఆ ఇంటి యజమాని తుపాకితో కాల్చి చంపాడు. ఆ హత్యకు సమర్థన లేదు. అయినా చుట్టుపక్కలవారిలో చాలామంది చంపినవాడి మీదే సానుభూతి చూపారంటే, బయటి కెమెరాల మీద పేరుకున్న కోపం ఎంతటిదో ఊహించవచ్చు. రెండేళ్లకు, అదే కౌంటీలోని వైట్స్‌బర్గ్‌లో స్థానిక యువతకు సినిమా తీయడం నేర్పే యాపల్‌షాప్ అనే సంస్థ మొదలైంది. ఈవాల్డ్ దానితో కలిసి పని చేస్తూ, కొండల్లోని చిన్న చిన్న ప్రాథమిక పాఠశాలల్లో ఫొటోగ్రఫీ చెప్పడానికి పూనుకున్నారు.

ఆ తరగతి ఎలా నడిచిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేము నేర్చుకున్నది అక్కడి నుంచే. పిల్లలవి ఇన్‌స్టామాటిక్ కెమెరాలు; ఫోకస్ సరిచేసే పని లేదు, ఫిల్ము డబ్బాను లోపల పెట్టి మూత వేస్తే చాలు. బడిలోనే డార్క్‌రూమ్ (ఫిల్ము కడిగే చీకటి గది) ఏర్పాటు చేసుకుని తమ ఫిల్మును తామే కడిగి, తామే ప్రింట్లు వేసుకునేవారు. ఆమె ఇచ్చిన అంశాలు చూడడానికి చాలా మామూలువి: నువ్వు, నీ కుటుంబం, నీ చుట్టూ ఉన్న జంతువులు, నీ కలలు. ఈ చివరిదాని దగ్గరే అసలు చిక్కంతా ఉంది. కలను ఫొటో తీయడం ఎలా? ఒక అబ్బాయి, తన ప్రాణ స్నేహితుణ్ణి తానే చంపినట్టు వచ్చిన కలను ఎంచుకున్నాడు. ఆ స్నేహితుణ్ణే పిలిచి, చెట్టు కొమ్మల మధ్య కదలకుండా వాలి ఉండమని చెప్పి ఫొటో తీశాడు. ఆ పని చేయాలంటే పదేళ్ల పిల్లవాడు ఎన్ని నిర్ణయాలు తీసుకోవాలో చూడండి: కలలోని ఏ క్షణాన్ని పట్టుకోవాలి, ఏ చెట్టు, ఎంత దూరం నుంచి, వెలుతురు ఏ వైపు నుంచి, చనిపోయినట్టు కనిపించాలంటే చేతులు ఎలా ఉండాలి. పైగా, మనసులో భయంగా మెదిలిన దాన్ని స్నేహితుడికి నోటితో చెప్పి ఒప్పించాలి. ఆ పిల్లల ఫొటోలు, వాళ్లు చెప్పుకున్న కథలు 1985లో పుస్తకంగా వచ్చాయి.

ఇక మీ మొదటి ప్రశ్నకు వస్తాను. ఈవాల్డ్ ఆ తరువాత ఉత్తర కెరొలైనాలోని డర్హమ్‌లో, డ్యూక్ విశ్వవిద్యాలయం వారి డాక్యుమెంటరీ అధ్యయన కేంద్రంతో కలిసి, ఫొటో ద్వారా చదవడం, రాయడం నేర్పే కార్యక్రమాన్ని బడుల్లో ప్రవేశపెట్టారు. పిల్లవాడు ముందు ఒక ఫొటోను నింపాదిగా చూస్తాడు, తరువాత తానే తీస్తాడు, ఆపైన దాని గురించి రాస్తాడు. వ్యాసం రాయమంటే రెండు వాక్యాలు రాసి పెన్ను పక్కన పెట్టే పిల్లలు మన తరగతుల్లోనూ ఉన్నారు. వాళ్లకు మాటలు లేక కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతారు. తాను తీసిన ఫొటో ఎదురుగా ఉంటే మొదలు దొరుకుతుంది: ఫ్రేములో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు, ఎందుకు లేరు. అదే ఊళ్లో ఆమె చేసిన మరో పనిలో, నల్లజాతి పిల్లలు తాము తెల్లవారైతే ఎలా ఉండేవారో, తెల్లజాతి పిల్లలు తాము నల్లవారైతే ఎలా ఉండేవారో రాసి, ఆ వేషంలో ఫొటో దిగి, తరువాత ఆ పెద్ద నెగటివ్‌ల మీదే గీతలు గీసి, అక్షరాలు చెక్కారు. ఇంత కష్టమైన విషయాన్ని మన పిల్లల ముందు పెట్టే ధైర్యం మాకు ఇంకా లేదు. పెట్టవలసిన రోజు వస్తుందని మాత్రం అనుకుంటున్నాను.

కొలంబియాలోనూ, మన దేశంలో గుజరాత్‌లోని విచ్యా అనే గ్రామంలోనూ, మెక్సికోలోనూ, దక్షిణాఫ్రికాలోనూ ఆమె ఇదే పద్ధతిలో పిల్లలతో పని చేశారు. వాటన్నింటి గురించి ఇక్కడ రాయడం లేదు. డాక్యుమెంటరీ సంగతి మాత్రం చెప్పాలి. చాలా ఏళ్ల తరువాత ఆమె కెంటకీకి తిరిగి వెళ్లి, నడి వయసుకు వచ్చిన తన పూర్వ విద్యార్థులను కలిశారు. ఆ కలయిక మీద ఎలిజబెత్ బారెట్‌తో కలిసి ఆమె దర్శకత్వం వహించిన డాక్యుమెంటరీ 2020లో అమెరికా ప్రజా టెలివిజన్‌లో ప్రసారమైంది. ఈ బారెట్ కూడా అదే ప్రాంతపు వ్యక్తి. ఓకానర్ హత్య మీద 2000లో డాక్యుమెంటరీ తీసినదీ ఆమే. చిన్నప్పుడు తాము తీసిన ఫొటోలను చూసి పెద్దవాళ్లు ఇప్పుడేమంటారో తెలియాలంటే వాళ్ల గొంతు వినాలి, మాటల మధ్య తడబాటు చూడాలి. అది ఫొటో వల్ల అయ్యే పని కాదు. కాబట్టే సినిమా అవసరమైంది. ఒక కళాకారుడు ఇన్ని మాధ్యమాల్లో ఎందుకు వేలు పెడతాడని అడిగేవారికి నా జవాబు ఇదే: చెప్పవలసిన విషయం అడిగినప్పుడు మాధ్యమం మారుతుంది.

ఇంత మంచి పనిలోనూ తెగని ప్రశ్న ఒకటి ఉంది. పిల్లలు తీసిన ఫొటో పెద్ద కళాకారిణి పేరుతో ప్రదర్శనకు వెళితే, అది ఎవరిది? ఈవాల్డ్ పిల్లల పేర్లు వేస్తారు, వాళ్ల మాటలనూ ప్రచురిస్తారు. అయినా విమర్శకులు ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు, అడగడమే సరి. ఫొటోలో కనిపించే మనిషి విషయంలోనైతే చిక్కు ఇంకా ఎక్కువ. ఫొటోగ్రాఫర్, రచయిత, సంగీతకారుడు, సినిమా దర్శకుడు అయిన గోర్డన్ పార్క్స్ 1961లో లైఫ్ అనే అమెరికా పత్రిక కోసం రియో డి జనీరో మురికివాడలో ఫ్లావియో అనే జబ్బు పిల్లవాణ్ణి ఫొటోలు తీశారు. పాఠకులు డబ్బు పంపారు, అబ్బాయిని చికిత్స కోసం అమెరికాకు తీసుకువెళ్లారు, కుటుంబానికి కొత్త ఇల్లు దొరికింది. జబ్బు నయమయ్యాక, ఉండిపోవాలని ఎంత కోరుకున్నా, అతణ్ణి బ్రెజిల్‌కు పంపించివేశారు. చేసింది మేలేనా అన్న సందేహం పార్క్స్‌ను చాలా కాలం వదల్లేదు.

రెండో ప్రశ్నకు సూటిగానే జవాబు చెబుతాను. ఈ దారిలో నెల తిరిగేసరికి జీతం అందే ఉద్యోగం అరుదు. ఈవాల్డ్‌కు కొలంబియాలో పని చేయడానికి ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్, 1992లో మెకార్థర్ ఫెలోషిప్ అనే ఆర్థిక సహాయాలు లభించాయి. అవి ఏ కొద్దిమందికో దక్కేవి. మిగతావారు బోధన మీద, చిన్న చిన్న గ్రాంట్ల మీద, ఇతరుల కోసం చేసే షూటింగ్, ఎడిటింగ్ పనుల మీద నెట్టుకొస్తూ, వాటి మధ్య తమ సొంత పని చేసుకుంటారు. గ్రాంటు కోసం దరఖాస్తు రాయడం, అనుమతులు తెచ్చుకోవడం, ఏళ్ల తరబడి ఫుటేజీని పాడవకుండా భద్రపరచడం వంటివి ఈ వృత్తిలో సగం. కళ మీద మోజుతో వచ్చేవారికి ఈ సగం తెలియదు. మీ అబ్బాయో అమ్మాయో నిజంగా ఇటు మొగ్గితే, ఈ లెక్క మొదటే చెప్పడం మన బాధ్యత. ఆ మాట చెప్పి భయపెట్టి మాన్పించమని మాత్రం నేను అనను.

ఇక మీ నుంచి కోరేవి. పిల్లలు వారాంతాల్లో పాఠశాల కెమెరాలను ఇంటికి తెస్తారు. దయచేసి వాళ్ల కోసం ఇల్లు సర్దకండి, కొత్త బట్టలు కట్టుకుని వరుసగా నిలబడకండి, ఇలా తీయి అని చెప్పకండి. ఇరుగుపొరుగు వారిని తీయాలంటే వాళ్లను ముందుగా అడగడం పిల్లల పాఠంలో భాగం. వద్దంటే వెనక్కి రావడమూ భాగమే. ఆ ఫొటోలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దని మరీ మరీ కోరుతున్నాను. పిల్లలు తీసే చిన్న డాక్యుమెంటరీలను, వాటిలో కనిపించేవారికి చూపించి, వాళ్లు ఒప్పుకున్న తరువాతే పాఠశాలలో ప్రదర్శిస్తాము. ఇది మేము కనిపెట్టిన నియమం కాదు. ఓకానర్ చనిపోయిన ఆ 1967లోనే, కెనడాలోని ఫోగో ద్వీపంలో కోలిన్ లో అనే దర్శకుడు జాతీయ ఫిల్మ్ బోర్డు తరఫున మత్స్యకారులను చిత్రీకరించి, ముందు వాళ్లకే చూపించి, వద్దన్నది తీసివేసే హక్కును వాళ్లకే ఇచ్చారు.

అనుమతి పత్రాన్ని ఈ లేఖతో జతచేశాము. సంతకం చేసి పంపేటప్పుడు, మీ ఇంట్లో ఫొటో తీయకూడదని మీరు భావించే గది గానీ, మనిషి గానీ ఉంటే ఆ వివరం కూడా రాయండి. కారణం అడగము.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు