చిన్న సిలిండర్ గురించి పెట్రోలియం మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర పెట్రోలియం, సహజవాయు శాఖ మంత్రి గారికి నమస్కారం.

హైదరాబాద్ బాలానగర్ వైపు నాకు అద్దె గదులున్నాయి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన ఫ్యాక్టరీ కుర్రాళ్లుంటారు. గదికో చిన్న లోకల్ సిలిండర్, దాని నెత్తిమీదే బర్నర్. గ్యాస్ అయిపోతే సందు చివర స్టవ్ రిపేర్ షాపుకి మోసుకెళ్తారు. అక్కడ ఇంటి వాడకానికిచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను స్టూలు మీద తలకిందులుగా పెట్టి, పైపుతో చిన్నదాంట్లోకి దింపుతారు. తొందరగా దిగాలని చిన్నదానికి తడి గోనె చుట్టి, మధ్యమధ్యలో కాస్త గ్యాస్ బయటికి వదులుతారు. ఈ మధ్య కొందరు ఆ పైపు కొనుక్కుని గదిలోనే కానిచ్చేస్తున్నారు. నా టెన్షన్ అదే.

ఈ గ్యాస్ గాలికన్నా బరువు. కిటికీలోంచి పోదు, నేలమీద పరుచుకుని తలుపు సందులోంచి పక్క గదిలోకి చేరుతుంది. అక్కడెవరో స్విచ్ వేస్తే చాలు. పైగా కంపెనీ ప్లాంటులో, వేడికి ద్రవం పెరుగుతుందని, సిలిండర్‌లో కొంత ఖాళీ వదులుతారు. ఇక్కడ అంతా చేతి అంచనాయే. ఆ లోకల్ డబ్బాల మీద ఐఎస్ఐ ముద్ర ఉండదు, పరీక్ష గడువు ఉండదు.

లైసెన్సు లేకుండా నింపడం నేరమేనని 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనలు చెబుతున్నాయి. ఎక్కడో పేలితే దాడులు చేస్తారు, కొన్నాళ్లకు షాపు మళ్లీ తెరుస్తారు.

అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేకుండా గుర్తింపు కార్డు చూసి గ్యాస్ కంపెనీ ఇచ్చే 5 కిలోల 'ఛోటూ' సిలిండర్ మంచి ఆలోచనే. మరి మా కుర్రాళ్లు ఎందుకు కొనరు? దానికి సబ్సిడీ లేదు, కిలో లెక్కన ఇంటి సిలిండర్ కంటే ఎక్కువ పడుతుంది, ఐదు కిలోలకూ ఒకేసారి కట్టాలి. సందులో షాపువాడు కిలో అయినా పోస్తాడు, జీతం వచ్చేదాకా ఖాతా కూడా రాసుకుంటాడు. పేదలకు గ్యాస్ కనెక్షన్ ఇచ్చే ఉజ్జ్వల 2.0 పథకంలో వలస కుటుంబాలకు అడ్రస్ ప్రూఫ్ బదులు స్వీయ ధ్రువీకరణ చాలన్నారు. కానీ ఆ కనెక్షన్ మహిళల పేరు మీదే ఇస్తారు. నలుగురు మగపిల్లలున్న గదికి అది రాదు కదా.

గదుల్లో ఉండే కార్మికులకు, విద్యార్థులకు ఛోటూ రీఫిల్‌ను ఇంటి సిలిండర్ కిలో ధరకే ఇప్పించండి. రెండు కిలోల సిలిండర్ మా కిరాణా షాపులో దొరికేలా చూడండి. లోకల్ డబ్బా తెచ్చి అప్పగిస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గించండి. ఆ తర్వాత దాడులకు మీవాళ్లను పంపండి, ఆ షాపు ఎక్కడుందో నేనే చూపిస్తాను.

ఇట్లు,
అద్దె గదుల యజమాని,
బాలానగర్, హైదరాబాద్